పోగులు తెంపే కొలువు

మనామా, గుదైబియా సందుల
గురువారమంటే సగం పండుగ.
చివరి పీరియడు నాది.
ఊలు ఉండలు, గోనె దారం, మిఠాయి డబ్బాల జరీ తాడు,
పతంగి మాంజా తప్ప
దారమన్నదేదైనా అట్టపెట్టెల ఏసుకొని వస్త.
కింది అంతస్తుల బట్టలు కుట్టే నూరుల్ భాయి
అయిపోవచ్చిన రీళ్ళు పారెయ్యడు, నాకు దాస్తడు.
"ఎర్రది తక్కువున్నది టీచరమ్మా,
ఈ వారం పెళ్ళిళ్ళెక్కువ" అంటడు.

పన్నెండు మంది. నాలుగేళ్ళోళ్ళు.
ఒకరి భాష ఇంకొకరికి రాదు,
నా ఇంగ్లీషు నాకే సరిగ రాదు.
ముందు చూపిస్త:
పోగును రంగుల ముంచాలె,
కొస మాత్రం వేళ్ళ నడుమ పొడిగ ఉండాలె,
కాయితం మడతల పాము లెక్క పండబెట్టి
పైన అరచెయ్యి అదిమి
మెల్లగ లాగాలె.

మెల్లగ అన్న మాట ఒక్కరికీ తెల్వదు.
సర్రున గుంజుతరు.
విప్పితే
జోమెల్‌కు తిమింగలం,
నివ్యకు వాళ్ళమ్మ జడ.
"ఇది చప్పుడు" అన్నది మోజా.
ఏం చప్పుడే?
"ఏసీ చప్పుడు."

ఇలియాస్ కాయితం చూడలే.
చేతికొచ్చిన తడి పోగును చూసిండు.
"ఇది బొమ్మ లోపల ఉండె కదా,
బయటికెందుకొచ్చింది?"
నాకు జవాబు దొరకలే.
ఆరుతదని కిటికీ గొళ్ళేనికి తగిలిచ్చిన.
ఇప్పటికీ ఆడనే ఉన్నది,
నీలం పోయి బూడిద రంగైంది.

మా నాయినకు సిరిసిల్లల నాలుగు సాంచలు.
పోగు తెగితే సాంచ ఆగుతది,
సాంచ ఆగితే నాయిన మాట ఆగుతది.
చిన్నప్పుడు అతుకు పని నాది.
బొటనవేలు, చూపుడువేలు, ఇంత ఉమ్మి,
ముడి కానరావద్దు.
కానొచ్చిన ముడికి సేటు పైసలు కోసేటోడు.
పదేళ్ళకే నా వేళ్ళు
ముడిని దాచుడు నేర్చినయి,
ముడి ఒక్కటే గాదు.

ఇక్కడ ముడి తప్పు గాదు.
ముడి చీమ. ముడి ఒంటె మూపురం.
ముడి మీద ముడి పడితే
"టీచర్, మా తాత ముక్కు!"
ఎంత పెద్దగ కానొస్తే అన్ని చప్పట్లు.
మొదటి నెలంతా
వాళ్ళ ముడులు సాపు చెయ్యబోయి
చేతులు ఎనక్కి తీసుకున్న.

పోయిన గురువారం
గోడకు అట్టలు అంటిస్తున్న. ఎనుక సప్పుడు లేదు.
నాలుగేళ్ళోళ్ళ కాడ సప్పుడు లేదంటే భయం.
తిరిగి చూస్తే
మోజా పచ్చ ఊలుతోని
కుర్చీని కుర్చీకి, కుర్చీని తలుపు పిడికి,
పిడిని నివ్య కాలికి, కాలిని నా బ్యాగుకు
కట్టేసుకుంట పోతున్నది.
మిగిలినోళ్ళు ఊలు అందిస్తున్నరు.
నడుమ ఇలియాస్, కదలకుండ,
"నేను లోపలున్న" అన్నడు.

బయట బస్సు హారను. ఒంటిగంటన్నర.
కత్తెర తీసిన.
పన్నెండు నోళ్ళు ఒక్కపారే "లా" అన్నయి,
ఆ ఒక్క అరబ్బీ ముక్క అందరికీ వచ్చు.

డ్రైవరు గులాం చాచా తలుపు సందుల నుంచి చూసిండు.
పెషావరు మనిషి, ఆరడుగుల మీద.
ఏమనలే. చెప్పులిడిసి
మోకాళ్ళ మీద పాక్కుంట వచ్చి
ఒక్కొక్కరిని పోగుల సందులకెల్లి
బయటికి దాటిచ్చిండు.
ఒక్క పోగు తెగలే.
ఆఖరుకు వచ్చినోడు ఇలియాస్.
గడప కాడ ఎనక్కి మళ్ళి
తను నిలబడ్డ ఖాళీ జాగను చూసుకున్నడు.
హారను మళ్ళ కొట్టినా కదలలే.

రాత్రి నాయినకు ఫోటో పెట్టి ఫోను చేసిన.
మొదటి మాట: "ఎన్నో నంబరు నూలు బిడ్డా?"
నూలు గాదు నాయినా, ఊలు, నంబరు తెల్వదన్న.
కండ్లద్దాలు తుడుసుకొని మళ్ళ చూసిండు.
"అంతా చిక్కే గదనే!
దీనికి జీతమిస్తున్నరా?"
ఇస్తున్నరు. దీనార్లల్ల.
ఇంకేదో అననీకె నోరు తెరిసిండు,
ఎనుక సాంచ ఆగింది.
"ఉండు, పోగు తెగింది" అని
ఫోను ఎక్కడ్నో పెట్టి పోయిండు.

పైకప్పు రేకు కానొస్తున్నది నాకు, ఒక బల్బు,
బల్బు చుట్టు దూది దుమ్ము.
చూసుకుంట కూసున్న.
నా ముంజేతికి పచ్చ ఊలు ముక్క,
ఎవరు కట్టిన్రో, ఎప్పుడు కట్టిన్రో.
ముడి ఇంత లావు.
స్నానానికి పోయేటప్పుడు సుత
విప్పలే.